తెలుగు ఖతుల ముద్రణ సమస్యలు

కంప్యూటరులో కూర్చిన తెలుగు పాఠ్యం తెరపైన గాని, లేజర్ ప్రింటరు ద్వారా కాగితంపైన గాని అక్షరాలు మారి, విడిపోయి లేదా లోపించి కనబడటాన్ని తెలుగు ఖతుల (ఫాంట్ల) ముద్రణ సమస్యలు అంటారు. ఇవి అచ్చుతప్పులకు భిన్నమైనవి. అచ్చుతప్పు టైపు చేసేటప్పుడు పుడుతుంది, ప్రూఫు దిద్దేటప్పుడు దొరుకుతుంది. ఖతి దోషం మాత్రం ప్రూఫు దిద్దిన తరువాత, ఫైలు మరొక కంప్యూటరుకు లేదా ప్రింటరుకు చేరినప్పుడు కూడా పుట్టవచ్చు. ఒక ఒత్తు జారిపోతే "అట్టు" "అటు"గా, "గడ్డి" "గడి"గా మారుతుంది. మారిన రూపం కూడా సరైన పదమే కావటంతో దోషం సులభంగా కంటబడదు.

నేపథ్యం

1985లో వెలువడిన ఆపిల్ లేజర్‌రైటర్ ప్రింటరు, ఆల్డస్ పేజ్‌మేకర్ సాఫ్టువేరు డీటీపీ విధానానికి నాంది పలికాయి. లేజర్‌రైటరు అంగుళానికి 300 చుక్కల స్పష్టతతో ముద్రించేది. దానిలో ముందుగా అమర్చి ఉన్నవి రోమన్ లిపి, గుర్తుల ఖతులే. తెలుగు ఖతిని కంప్యూటరు నుండి ప్రింటరుకు పంపవలసి వచ్చేది. 1991లో ట్రూటైప్ ఖతులు వచ్చాయి. 1996లో మైక్రోసాఫ్ట్, అడోబ్ సంస్థలు ఓపెన్‌టైప్‌ను ప్రకటించాయి. 1991 నాటి తొలి యూనికోడ్ ప్రమాణంలోనే తెలుగుకు 128 స్థానాల పట్టిక లభించినా, తెలుగు డీటీపీ రంగం చాలాకాలం యూనికోడేతర ఖతులతోనే నడిచింది.

సంకేత దోషాలు

అను, శ్రీలిపి వంటి ప్యాకేజీల పాత ఖతులలో తెలుగు అక్షర భాగాలను రోమన్ అక్షరాల స్థానాలలో అమర్చారు. ఆ ఖతి లేని కంప్యూటరులో ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు రోమన్ అక్షరాల కలగాపులగం కనబడుతుంది. పాఠ్యం చెడిపోలేదు, అదే ఖతిని స్థాపిస్తే తిరిగి చదవవచ్చు. ఒకే సంస్థ ఖతులలో సైతం కూర్పు వేరైతే అక్షరాలు తారుమారవుతాయి.

పేజీ అంతటా ఒకే చిహ్నం లోపిస్తే దాని స్థానాన్ని పరిశీలించాలి. సాధారణ సంకేత పట్టికలో 160వ స్థానం విడదీయరాని ఖాళీకి, 173వ స్థానం కనబడని హైఫన్‌కు చెందినవి. ఆ స్థానాలలో తెలుగు చిహ్నం ఉంటే కొన్ని సాఫ్టువేర్లు దానిని ముద్రించవు.

కూర్పు దోషాలు

యూనికోడ్‌లో సంయుక్తాక్షరాలకు ప్రత్యేక స్థానాలు లేవు. "క్ష" అనేది క, పొల్లు, ష అనే మూడు సంకేతాల వరుస. వాటిని కలిపి ఒక రూపంగా చూపటం ఖతిలోని ఓపెన్‌టైప్ నియమాలు, సాఫ్టువేరులోని కూర్పు యంత్రాంగం కలిసి చేసే పని. వీటిలో ఏది లోపించినా పొల్లు, ఒత్తు విడివిడిగా కనబడతాయి. అడోబ్ ఇన్‌డిజైన్‌లో 2012 నాటి సీఎస్6 నుండి తెలుగు కూర్పుకు వీలుంది. అయితే పేరాకు వరల్డ్-రెడీ కంపోజర్‌ను ఎంచుకోవాలి.

"సాఫ్ట్‌వేర్" అనే పదంలో ట్ తరువాత కంటికి కనబడని విడదీత గుర్తు ఉంటుంది. అది లేకపోతే "సాఫ్ట్వేర్" అని వకారం ఒత్తుగా మారుతుంది. వర్డ్‌లో వరుసల ఎడాన్ని కచ్చితమైన కొలతగా నిర్ణయిస్తే గుడులు, ఒత్తులు తెగిపోవచ్చు. కొలత పెంచితే అవి తిరిగి కనబడతాయి.

ముద్రణ దోషాలు

తెరపై సరిగా ఉండి కాగితంపై చెడితే లోపం సాధారణంగా ఖతిని ప్రింటరుకు పంపే విధానంలో ఉంటుంది. పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటరుకు ఖతి అందకపోతే కొరియర్ వంటి మరొక ఖతితో ముద్రిస్తుంది. ప్రింటరు జ్ఞాపకశక్తి చాలకపోతే పేజీ సగంలో ఆగవచ్చు. చిన్న పరిమాణపు అక్షరాలలో ఒత్తులు పూడుకుపోతే అక్షర పరిమాణాన్ని, ముద్రణ స్పష్టతను పెంచి చూడాలి.

దోషాన్ని గుర్తించే క్రమం

1. పేజీని పీడీఎఫ్‌గా మార్చి, ఆ ఖతి లేని కంప్యూటరులో తెరవాలి.
2. అక్కడ చెడితే పీడీఎఫ్ లక్షణాలలోని ఖతుల జాబితాలో ఆ ఖతి పొందుపరచబడిందో లేదో చూడాలి. కొన్ని ఖతుల లైసెన్సు ఇందుకు అనుమతించదు.
3. పీడీఎఫ్ సరిగా ఉండి కాగితంపై చెడితే ప్రింటరు డ్రైవరులో ఖతుల ప్రత్యామ్నాయాన్ని ఆపి, ఖతిని పంపే ఎంపికను వాడాలి.
4. అప్పటికీ చెడితే పేజీని బొమ్మగా ముద్రించాలి. ఇది నెమ్మదిగా సాగుతుంది.
5. అసలు తెరపైనే చెడితే మరొక యూనికోడ్ ఖతితో పరీక్షించి, లోపం ఖతిదో సాఫ్టువేరుదో తేల్చుకోవాలి.

అక్షరాలను ఆకృతులుగా మార్చి ముద్రణాలయానికి పంపటం డీటీపీలో వాడుకలో ఉన్న ఉపాయం. ఖతి అవసరం తీరుతుంది గాని, ఆ పాఠ్యాన్ని ఆ తరువాత దిద్దటం, వెదకటం సాధ్యపడదు. కనుక మూల ఫైలును వేరుగా దాచుకోవాలి.

పాత ఫైళ్ళ భద్రత

అడోబ్ సంస్థ 2023 జనవరిలో తన సాఫ్టువేర్లలో టైప్ 1 ఖతుల కూర్పుకు మద్దతు నిలిపివేసింది. అటువంటి ఖతులతో కూర్చిన పాత పుస్తకాల ఫైళ్ళు ఉన్నవారు మూల ఫైలుతో పాటు ఖతిని, సరిచూసిన పీడీఎఫ్ ప్రతిని భద్రపరచాలి. పాఠ్యాన్ని యూనికోడ్‌లోకి మార్చితే దానిని ఆ ఖతి లేకుండానే చదవవచ్చు. మార్పిడిలో ఒత్తులు, పొల్లులు తప్పిపోయే అవకాశం ఉన్నందున, మార్చిన పాఠ్యాన్ని అచ్చుప్రతితో పోల్చి మరల ప్రూఫు దిద్దాలి.