రామప్ప గుడి, రామప్ప చెరువు

ములుగు జిల్లా యనగానే మన శ్రోతలలో పెక్కుమందికి మేడారము జాతర జ్ఞప్తికి వచ్చును. అడవులును, చెరువులును, వరిపొలములును గల ఆ గ్రామసీమలో, వెంకటాపూర్ మండలమున, పాలంపేట యను చిన్న పల్లె కలదు. అచ్చటి రుద్రేశ్వరాలయమునే లోకము రామప్ప గుడి యని పిలుచుచున్నది. గుడికి దేవుని పేరైనను, కట్టించిన ప్రభువు పేరైనను నిలుచుట పరిపాటి. ఇచ్చట ఆ రెండును వెనుకబడి, శిల్పిదని జనులు చెప్పుకొను పేరు నిలిచినది. ఆ మాటను శాసనమేమియు బలపరచుట లేదు. ఐనను జనుల నోటినుండి దానిని తొలగింప నెవరి తరము?

గుడిని గురించి ఒక ప్రసంగము సిద్ధపరచు తలంపుతో మేము శబ్దగ్రహణ యంత్రము వెంటగొని పాలంపేటకు పోయితిమి. తిరిగి వచ్చునప్పటికి మా ప్రసంగములో సగము చెరువు ఆక్రమించుకొన్నది. అట్లేల జరిగెనో మనవి చేసెదము.

మొదట గుడి మాట. ఆవరణలో ఒక చిన్న మండపమున నిలిపిన శాసనస్తంభము నిర్మాణకాలమును స్పష్టముగ తెలుపుచున్నది. అది శకవర్షము 1135, అనగా క్రీస్తుశకము 1213 మార్చి 31. కట్టించినవాడు కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు. గణపతిదేవుడు దేవగిరి యాదవుల చెరలో నుండిన గడ్డుకాలమున రాజ్యము చెదరిపోకుండ కాపాడినవాడితడే యని చరిత్రకారులు వ్రాసిరి. కత్తి చేపట్టి యొరుల రాజ్యమును నిలిపిన చేయి, శాంతికాలము రాగానే రాళ్లను వెదకికొన్నది.

ఆ రాళ్లు రెండు జాతులవి. గోడలకు ఎఱ్ఱని యిసుకరాయి. స్తంభములకును, ముఖద్వారముల చూరుక్రింది బొమ్మలకును నున్నని నల్లరాయి. ఈ నల్లరాయి యెంత కఠినమైనదో అంత సొగసైన పనికి లొంగినది. మూడు ద్వారములకడ నిలిచిన పన్నెండుగురు మదనికలను చూచినవారు రాయి సంగతి మరచిపోవుదురు. ఒకతె మెడలోని హారపు నీడ ఆమె దేహముపై చెక్కబడినదా, వెలుగువలన పడినదా యని మేము చేతితో తడవబోయి, కాపలాదారుని చూపునకు జంకి వెనుకకు తగ్గితిమి. అతడు చేసిన పని మంచిదే. వేయిమంది చేతులు తగిలిన చోట రాయి జిడ్డుగట్టి మెరయుచున్నది. లోపలి శిల్పములలోని నర్తకుల భంగిమలను, కాకతీయ సేనాని జాయప రచించిన నృత్తరత్నావళిని కలిపి చదివి, నటరాజ రామకృష్ణ పేరిణి నృత్తమునకు మరల ప్రాణము పోసిరి. ఒక గుడి గోడలు ఒక నాట్యమును దాచియుంచిన కథ వేరొక ప్రసంగమునకు తగినది.

శిఖరపు ఇటుకలు నీట తేలునంత తేలికయైనవి. ఇది కట్టుకథ కాదు. పునాది క్రింద గోతులు త్రవ్వి యిసుక నింపిరి. ఆ యిసుకపై భారము తగ్గింపవలెనన్న పైకప్పు తేలికగ నుండవలెను గదా! క్రింది యిసుకకును పైని యిటుకకును నడుమ లెక్క యొక్కటే. ఆ లెక్క చాలవరకు సరిపోయినది. అక్కడక్కడ నేల క్రుంగి, మండపములోని రాతిపలకలు అలలవలె ఎగుడుదిగుడై యున్నను, గుడి నిలిచియున్నది.

నిలిచినదన్నచో, అది దానంతట నిలువలేదు. 1914లో హైదరాబాదు సంస్థానమున పురావస్తుశాఖ ఏర్పడెను. దానికి తొలి అధ్యక్షుడైన గులాం యజ్దానీ పాలంపేట గుళ్లను పరిశీలించి వ్రాసిన గ్రంథము 1922లో వెలువడెను. అంతకుముందే బార్నెట్ పండితుడు శాసనమును పరిష్కరించి ప్రకటించెను. 1337 ఫసలీలో సంస్థానము ప్రాచీన కట్టడముల రక్షణకు చట్టము చేసెను. నేడు అమలులోనున్నది 1958 నాటి కేంద్రచట్టము. దానిని 2010లో సవరించి, రక్షిత కట్టడపు హద్దునుండి నూరు మీటర్లవరకు కొత్త నిర్మాణమును నిషేధించిరి; ఆపైని రెండువందల మీటర్లలో అనుమతి లేక కట్టరాదనిరి. 2021 జూలై 25న యునెస్కో రామప్ప గుడిని ప్రపంచ వారసత్వ పట్టికలో చేర్చెను. తెలంగాణమునుండి ఆ పట్టిక కెక్కిన మొదటి కట్టడమిదే. ఈలోపల గుడి కదలకయే మూడు జిల్లాలు తిరిగినది: 2016వరకు వరంగల్లు, పిమ్మట భూపాలపల్లి, 2019నుండి ములుగు.

రక్షణ యనునది బోర్డు నాటినంతటితో తీరునది కాదు. ప్రధానాలయమునకు తోడుగ నున్న కామేశ్వరాలయము శిథిలము కాగా, మరల కట్టు నుద్దేశముతో రాళ్లు విప్పిరి. విప్పుటకు పట్టిన కాలము కొంచెము. ఆ రాళ్లు ఆవరణలో వేచియుండిన కాలము మెండు. హనుమకొండ వేయిస్తంభముల గుడి కల్యాణమండపమును 2006లో విప్పిన పిమ్మట అది మరల సందర్శకులకు తెరువబడినది 2024లో. రాయిపై సంఖ్య వ్రాయుట తేలిక. ఆ సంఖ్యను చదువగల స్థపతులను నిలుపుకొనుట కష్టము.

ఇది ఆవరణ లోపలి మాట. గోడ దాటి బయటికి వచ్చినచో సంగతి మారును. గుడికి కొంత దవ్వున, గుట్టల నడుమ కట్టవేసి నిలిపిన రామప్ప చెరువు కలదు. అదియు రేచర్ల రుద్రుని కాలపు నిర్మాణమే యని ప్రసిద్ధి. కాకతీయుల నాట గుడి, చెరువు, ఊరు కలిసియే పుట్టుచుండెను. చెరువు నీట పండిన పంటనుండి గుడికి దీపము, నైవేద్యము, ఆటపాటలవారికి జీతము నడచెడివి. గుడి యున్నందువలన చెరువుకట్టను చూచుకొను బాధ్యత ఊరిలో నిలిచెడిది. చట్టము ఈ జంటలో ఒకదానిని తీసికొని కంచె వేసెను. రెండవది నీటిపారుదలవారి లెక్కలో చేరెను. మీటర్ల కొలత రాతికి సరిపోవును గాని నీటికి సరిపోదు.

చెరువు పరిసరములలోను, పొలములలోను చిన్న గుళ్లు మరికొన్ని కలవు. మేము చూచిన వానిలో ఒకదాని శిఖరమునుండి రావిచెట్టు మొలచి, వేళ్లు రాళ్ల సందులను చీల్చుచున్నవి. ఇంకొకదానిలో గుప్తనిధి కాశపడినవారు గర్భగృహపు నేలను నడుమెత్తు త్రవ్విపోయిరి. పెద్దగుడికి వచ్చు యాత్రికులలో నూటి కొక్కరైనను ఈ దారి పట్టుట మాకు కానరాలేదు. మరియొక వైపున, పాత యింటికి ఒక గది చేర్చుకొనుటకైనను కాగితములు పట్టుకొని తిరుగవలసి వచ్చుచున్నదని ఊరివారి మొర. చట్టము తప్పని మేమనము. అది లేనిచో గుడి ముంగిట ఈపాటికి మూడంతస్తుల హోటలు లేచి యుండెడిది. కాని రక్షణభారమును మోయు ఊరివారికి ఆ రక్షణలో పాలు దక్కకున్నచో, వారు గుడిని తమదని యెన్నాళ్లనుకొందురు?

సాయంకాలము చెరువుకట్టపై నీరటి యొకడు మాకు తోడు వచ్చెను. తూము ఎప్పుడు తీయవలెనో, ఏ పొలమునకు ముందు నీరు పోవలెనో అతనికి వ్రాతతో పనిలేదు. పేరు చెప్పనొల్లలేదు, మాటలు మాత్రము యంత్రమునందు పట్టనిచ్చెను. గుడిని గురించి ఏమైన చెప్పుమని మేమడిగితిమి.

"గుడి సంగతి అందరు చెప్తరు సారూ. బోర్డు గూడ పెట్టిండ్రు. ఈ కట్ట ఆయన పోయించిందే గద, దీనికేది బోర్డు?" అనెను.

మేము బదులు వెదకికొనుచుండగనే అతడు పార భుజాన వేసికొని తూము వైపు దిగిపోయెను. ఆ వారము పైపొలములకు నీళ్ల వంతు. యంత్రమింకను తిరుగుచునే యుండెను. ఆ ధ్వనిముద్రణలో అటుపై మూడు నిమిషములు కాలువలో నీరు పారు చప్పుడు తప్ప మరేమియు లేదు. దానిని మేము కత్తిరింపలేదు.