దాషే నౌకాదళము – మన మన్యము

అరకులోయకును సముద్రమునకును నడుమ తూర్పు కనుమలు గోడవలె నిలిచియున్నవి. అయినను ఈ మన్యము ఎవరి యేలుబడిలోనికి పోవలెనన్న సంగతి కొంతవరకు సముద్రముమీదనే తేలినది. ఆ కథలో ఒక ముఖ్యపాత్ర కౌంట్ దాషే అను ఫ్రెంచి నౌకాధిపతి.

దాషే 1701లో జన్మించి, 1717లో నౌకాదళమున చేరెను. 1757 మే నెలలో లాలీ సేనాపతిని, అతని సైన్యమును ఓడల కెక్కించుకొని బ్రెస్టు రేవునుండి బయలుదేరెను. మన తీరము చేరుటకు ఇంచుమించు ఒక సంవత్సరము పట్టినది. అప్పటికి ఉత్తర సర్కారులు ఫ్రెంచివారి చేతిలో నుండెను. బొబ్బిలి యుద్ధము నడపిన బుస్సీ వాటిని కాపాడుచుండెను.

1758లో ఏప్రిల్ 29న కడలూరు వద్దను, ఆగస్టు 3న నాగపట్టణము వద్దను దాషే ఆంగ్ల నౌకాధిపతి పోకాక్‌తో పోరాడెను. ఓడలు చితికినవి, రెండవ పోరులో తానును గాయపడెను. పుదుచ్చేరి పెద్దలు వలదన్నను, సెప్టెంబరులో మారిషస్ దీవికి తరలిపోయెను. తుపానుల కాలము సమీపించుచుండెను. ఈ తీరమున ఓడలకు చాటైన రేవు ఫ్రెంచివారికి లేదు. కావున అతని భయము నిష్కారణము కాదు. కాని ఆ భయమునకు చెల్లించిన మూల్యము పెద్దది.

లాలీ అంతకుముందే బుస్సీని దక్షిణమునకు పిలిపించుకొనెను. విజయనగర ప్రభువు ఆనంద గజపతిరాజు అదను చూచి విశాఖపట్టణమును పట్టుకొని, ఆంగ్లేయులకు కబురంపెను. కలకత్తానుండి కర్నల్ ఫోర్డు సముద్రమార్గమున నిరాటంకముగా వచ్చి, డిసెంబరులో చందుర్తి వద్ద ఫ్రెంచివారిని ఓడించెను. 1759 ఏప్రిల్‌లో బందరు కోటను పట్టుకొనెను. పుదుచ్చేరినుండి వచ్చిన సహాయపు ఓడలు కోట పడిన పిదప రేవు చేరినవి.

దాషే 1759 సెప్టెంబరులో తిరిగివచ్చి, మరియొకసారి పోరాడి, మరల వెడలిపోయెను. 1761 జనవరిలో పుదుచ్చేరి లొంగినది. 1766లో నిజాముతో జరిగిన సంధివలన ఉత్తర సర్కారులు కుంపిణీకి దక్కినవి. ఆ యేడే లాలీకి స్వదేశమున మరణశిక్ష పడెను. దాషే 1780 వరకు జీవించెను.

ఆంగ్లేయులను పిలిచిన వంశమునకే పిదప వారితో పోరు తప్పలేదు. 1794లో పద్మనాభము వద్ద విజయరామరాజు వీరమరణము పొందెను. ఆయన కుమారుడు నారాయణబాబుకు కొండ దొరలు అండగా నిలిచిరి. 1839 చట్టముతో కొండసీమలు కలెక్టరు ఏజెంటుగా నుండు ప్రత్యేక పాలనలోనికి వచ్చినవి. నేటికిని అరకు ప్రజల నోట వినవచ్చు ‘ఏజెన్సీ’ అను మాట ఆనాటిదే.

ఒక్క దాషేనే దోషిగా నిలుపుట న్యాయము కాదు. బుస్సీని కదలించిన లాలీ తొందరపాటును, ఆనాటి రాజుల పరస్పర వైరములును తోడైనవి. అయితే సముద్రము ఎవరిదో తీరము వారిదాయెను. తీరము వారిదైన పిదప కనుమలును చిరకాలము వారిని ఆపలేకపోయెను.