ఎండుపండ్లు – ఖరగపూరు వంటయిండ్లు

పంట పండించుట ఒక విద్య. పండినదానిని చెడకుండ నిలుపుట మరియొక విద్య. మొదటి విద్యను గూర్చి గ్రంథములు పెక్కు కలవు. రెండవ విద్య మాత్రము చాలవరకు వంటయింటిలోనే పుట్టి, తల్లి నుండి కూతునకు, అత్త నుండి కోడలికి నోటిమాటగా సంక్రమించుచు వచ్చినది. అందువలననే దానికి చరిత్ర కలదన్న సంగతి మనము మరచితిమి.

ఎండుపండ్లు అనగానే నేడు మన మనసునకు వచ్చునవి కిస్మిస్, ఖర్జూరము, అంజూరు మొదలైనవి. దీపావళికి అందమైన పెట్టెలలో చేతులు మారునవి ఇవియే. కాని ఎండలో పెట్టి నీరు తీసివేసిన పండు ఏదైనను ఎండుపండే కదా! ఆ లెక్కన మామిడితాండ్ర ఎండుపండు, తాటితాండ్ర ఎండుపండు, మామిడి ఒరుగులు, రేగువడియములు ఎండుపండ్లే. ఖరగపూరు రైల్వేపట్టణములోని తెలుగు వంటయిండ్లలో ఈ రెండు తెగలును ఎట్లు కలిసినవో, ఆ కలయిక వలన మనకు కలిగిన లాభమేమో, ఇప్పుడు జారిపోవుచున్నదేమో తెలుపుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశ్యము.

తెలుగువాడు ప్రతిదినము తినుచును ఎండుపండుగా గుర్తింపని పండు ఒకటి కలదు. అది చింతపండు. చెట్టున పండి, పెంకు వలిచి, గింజ తీసి, ఎండబెట్టి, ఉప్పు చల్లి కుండకెత్తిన చింతపండు లేనిదే మనకు పులుసు లేదు, చారు లేదు, పులిహోర లేదు. అరబ్బు వర్తకులు మన దేశమునకు వచ్చి దీనిని చూచినప్పుడు తమకు చిరపరిచితమైన ఎండుఖర్జూరముతో పోల్చి, తమర్ హిందీ, అనగా హిందూదేశపు ఖర్జూరము, అని పేరు పెట్టిరి. ఆంగ్లేయుల టామరిండ్ అను మాట దాని నుండియే వచ్చినది. చింతపండు ఎండుపండేనని పరదేశి గ్రహించెను. దానితో నిత్యము వండుకొను మనమే ఆ సంగతి తలపోయలేదు.

ద్రాక్ష విషయము వేరు. అది తెలుగుదేశమున విరివిగా పండిన పంట కాదు. అయినను మన ఆలంకారికులు కవిత్వపు రుచిని చెప్పవలసి వచ్చినప్పుడు ద్రాక్షాపాకము, కదళీపాకము, నారికేళపాకము అని మూడు విధములుగా విభజించి, నోట పెట్టగనే కరిగెడి శైలికి ద్రాక్ష పేరే పెట్టిరి. చరకసంహిత మృద్వీకను, అనగా ద్రాక్షను, ఫలములలో మేలైనదిగా ఎన్నినది. కౌటిల్యుని అర్థశాస్త్రము ద్రాక్షమద్యమును చెప్పుచు కాపిశాయనమను పేరు తెచ్చినది. కాపిశి యనునది నేటి కాబూలునకు ఉత్తరమున నుండిన పురాతన పట్టణము. కావున ద్రాక్షకును ఆ కొండసీమకును గల సంబంధము రెండువేల ఏండ్ల నాటిది. 16వ శతాబ్ది చివర అబుల్ ఫజల్ రచించిన ఐనీ అక్బరీలో పండ్లకు ప్రత్యేకముగా ఒక ప్రకరణమే కలదు. కాబూలు, కందహారు, కాశ్మీరము అక్బరు వశమైన పిమ్మట అచ్చటి పండ్లు మూటలు మూటలుగా వచ్చుచుండినట్లు అందు చెప్పబడినది. ఎండుపండ్ల ధరలును ఇయ్యబడినవి.

ఆ బాటనే నడచి వంగదేశమునకు వచ్చినవారు కాబూలీవాలాలు. రవీంద్రనాథ ఠాకూరు 1892లో వ్రాసిన కాబూలీవాలా కథలో రహమత్ అను వర్తకుడు కలకత్తాలోని చిన్నారి మినీకి తెచ్చి యిచ్చినవి ద్రాక్షలు, కిస్మిస్, బాదము మొదలైనవే. ఆ కథ 1957లో వంగభాషలోను, 1961లో హిందీలోను చలనచిత్రమైనది. దూరదేశమున కూలికో వ్యాపారమునకో వచ్చి, ఇంటిని తలచుకొనెడి మనిషి చేతిలో ఎండుపండును పెట్టుట ఆ కవి చూపిన ఔచిత్యము. పచ్చిపండు ప్రయాణము చేయజాలదు. ఎండిన పండే చేయగలదు.

ఇందలి రహస్యము సులభమైనది. మామిడిరసములోను ద్రాక్షలోను నూటికి ఎనుబది పాళ్లు నీరే. ఆ నీరు ఉన్నంతవరకు బూజునకు, పులియబెట్టు సూక్ష్మజీవులకు అది నివాసయోగ్యము. నీటిని నూటికి పదునైదు పాళ్ల వరకు దించినచో మిగిలిన చక్కెర చిక్కబడి, ఆ జీవులకు బ్రతుకుదెరువు లేకుండ చేయును. నాలుగు కిలోల ద్రాక్ష నుండి సుమారొక కిలో కిస్మిస్ వచ్చును. బరువు నాలుగవ వంతు. ఆయువు వారము నుండి సంవత్సరము. మోసుకొనిపోవువానికి ఇంతకంటె కావలసినదేమి?

ఇట్లు మోసుకొని వచ్చినవారే మన పూర్వులు. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడినది. తూర్పుతీరపు రైలుమార్గము 1893–1896 సంవత్సరముల మధ్య బెజవాడ నుండి కటకము వరకు వేయబడినది. 1900లో కోలాఘాటు వద్ద రూపనారాయణ నదిపై వంతెన పూర్తియై ఖరగపూరు హౌరాతో కలిసినది. 1902లో వాల్తేరు–కటకము భాగము బెంగాల్ నాగపూర్ రైల్వే అధీనమునకు వచ్చినది. 20వ శతాబ్ది తొలి సంవత్సరములలోనే ఇచ్చటి పెద్ద వర్క్‌షాపు వెలసినది. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి మనవారు ఈ ఎఱ్ఱమట్టి నేలకు పనికై తరలివచ్చిరి. పిమ్మట 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడినను, పేరు మారినదే గాని రైలుదారి వెంబడి రాకపోకలు మారలేదు. వేసవి సెలవులకు ఊరికి వెళ్లినవారి తిరుగు మూటలో చెడకుండ వచ్చునవి ఏవి? ఆవకాయ, ఒరుగులు, తాండ్ర. ఈ మూడును మామిడిచెట్టు బిడ్డలే.

మామిడితాండ్రకు విజయనగరము జిల్లాలోని భీమాళి, గోదావరి సీమలోని ఆత్రేయపురము పేరొందినవి. చేయు విధానము తెలియనివారికై చెప్పుచున్నాను. బాగుగా పండిన రసపుమామిళ్లను పిండి, పీచు పోవునట్లు వడియగట్టి, తగినంత బెల్లమో చక్కెరయో కలిపి, శుభ్రమైన చాపపై పలుచగా పూయుదురు. ఒక పొర ఎండిన పిదప దానిపై మరియొక పొర. ఇట్లు దినదినమును పూయగా పూయగా చాపపై దళసరి పలక యేర్పడును. తొందరపడి మొదటి పొర తడియారకముందే రెండవది పూసినచో లోపల పులుపెక్కి బూజు పట్టును. తాండ్ర చేయుటకు కావలసినది ఎండయు, ఓర్పును. తాటిపండు గుజ్జుతోను ఇట్లే తాటితాండ్ర చేయుదురు. అందలి చిరుచేదు అలవాటైనవారికి ప్రాణము. ఇక పచ్చిమామిడి ముక్కలను ఉప్పులో ఊరవేసి ఎండబెట్టిన ఒరుగులు పప్పులోను పులుసులోను మామిడికాయ లేని లోటు తీర్చును. రేగుపండ్లను బెల్లము, ఉప్పు, పచ్చిమిరప, జీలకఱ్ఱతో దంచి ఎండబెట్టిన రేగువడియములు పిల్లలకు పంచభక్ష్యములు.

వంగదేశమునకు వచ్చిన పిదప మనవారు చూచిన వింత యేమనగా, ఇవన్నియు పొరుగువారి యింటను కలవు. మన తాండ్ర వారి ఆమ్‌సత్త్వము. మాల్దా దానికి ప్రసిద్ధి. మన రేగు వారి కూల్. భోగినాడు మనము పసిపిల్లల తలపై రేగుపండ్లు పోయుదుము. వంగీయులు సరస్వతీపూజ కానిదే రేగుపండు నోటబెట్టరు. ఒకే గోడకు ఇటు అటు నున్న రెండిండ్లలో, ఒక పండునకు రెండు నియమములు! మన ఈతచెట్టును వారు ఖేజూర్ గాఛ్ అందురు. అందుచేత క్రొత్తగా వచ్చినవారు వంగదేశపు బెల్లము దుకాణములో అమ్ము ఎండుఖర్జూరము చెట్టు నుండి వచ్చునని భ్రమపడుట కలదు. చలికాలపు నొలేన్ గుడ్ ఈతనీరు కాచిన బెల్లమే గాని, అరబ్బుదేశపు ఖర్జూరముతో దానికి సంబంధము లేదు.

మనవారు పొరుగువారి నుండి నేర్చిన వంటలలో మేలైనది టమాటా చట్నీ. మన పచ్చడి వలె ఇది కారము గాదు. భోజనాంతమున తీపిగా తినునది. అరకిలో టమాటాలకు చెంచాడు ఆవనూనెలో పాంచ్‌ఫోడన్, రెండెండుమిరపకాయలు వేయించి, ముక్కలు వేసి, ఉప్పు, అల్లము చేర్చి మగ్గనిచ్చి, సుమారు 150 గ్రాముల చక్కెర కలుపవలెను. పాకము చిక్కబడుచుండగా గింజ తీసిన ఖర్జూరములు ఎనిమిది, గుప్పెడు కిస్మిస్ వేయవలెను. తాండ్రముక్కలు 100 గ్రాములు మాత్రము దింపుటకు ముందు వేయవలెను. ముందే వేసినచో కరిగి అడుగంటును. ఇందు కాబూలు కిస్మిస్, అరబ్బు ఖర్జూరము, మన మామిడి ఒక్క పాత్రలో చేరినవి.

మూడవ సంప్రదాయము ఆంగ్లో ఇండియనులది. రైల్వేలో డ్రైవర్లుగా, గార్డులుగా, ఫోర్‌మన్లుగా పనిచేసిన ఆ కుటుంబములు ఒకప్పుడు ఖరగపూరులో పెక్కు. 1947 తరువాత వారిలో అనేకులు ఇంగ్లండు, ఆస్ట్రేలియా, కెనడాలకు తరలిపోయిరి. క్రిస్మసు కేకు వారి ఇంటి పండుగవంట. ప్లమ్ కేకు అను పేరు విని అందు ప్లమ్ పండు ఉండునని తలచరాదు. పూర్వకాలపు ఇంగ్లీషులో ఆ మాటకు ఎండుద్రాక్ష యను అర్థము కలదు. చిన్న నల్లద్రాక్షలకు కరెంట్లు అను పేరు గ్రీసుదేశపు కోరింతు నగరము వలన వచ్చినది. కలకత్తాలో 1902లో ఆరంభమైన నహూమ్ వారి బేకరీ నేటికిని ఈ కేకులకు పేరు పడినది. విలాయతి పండ్లకు తోడుగా ఇచ్చటి బేకరీలవారు బూడిదగుమ్మడి మురబ్బాను కేకులో చేర్చిరి. అన్యదేశపు వంట ఈ నేలపై వేరు పాతుకొనుట యనగా ఇదియే.

దీనికి పొయ్యిభట్టీ యుండితీరవలెనన్న నియమము లేదు. ఎండుపండ్లు 300 గ్రాములు సన్నగా తరిగి, రమ్ములో గాని, అది కూడనివారు నారింజరసములో గాని నానవేయవలెను. రమ్ములో వారములు నిలువ యుండును. నారింజరసములో ఒక్క రాత్రి చాలును. వెన్న, చక్కెర, మైదా తలా 250 గ్రాములు, గ్రుడ్లు నాలుగు, బేకింగు పౌడరు ఒక చెంచా. కొంత చక్కెరను ఎఱ్ఱగా మాడ్చి నీరు చిలికి కలిపినచో నల్లని రంగు వచ్చును. నానిన పండ్లను పిండి, పొడిమైదాలో పొరలించి కలుపవలెను. లేనిచో బరువునకు అడుగునకు దిగిపోవును. ప్రెషరు కుక్కరులో రెండంగుళముల ఇసుక పోసి, గాస్కెట్టును వెయిటును తీసి, నీరు పోయక, లోపల గిన్నెను ఎత్తుగా నిలిపి సన్నని మంటపై సుమారు గంటసేపు ఉంచినచో కేకు సిద్ధమగును. కిస్మిస్‌కు బదులు సగము మామిడితాండ్రను చిన్న ముక్కలుగా చేసి వేసి చూడుడు. దాని పులుపు వెన్న మొగమును విరుచును. కేకు మన కేకగును.

1947లో దేశవిభజనతో కాబూలు బాటకు సరిహద్దు అడ్డుపడినది. కాలక్రమమున మహారాష్ట్రములోని సాంగ్లి, నాసిక్ ప్రాంతములు విత్తులేని ద్రాక్షను సాగుచేసి కిస్మిస్ విరివిగా తయారు చేయసాగినవి. సాంగ్లి కిస్మిస్‌కు 2016లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఒకనాటి దొరల పండు నేడు సామాన్యుని పాయసములోనికి వచ్చినది. తిరుపతి లడ్డులో జీడిపప్పు, కలకండలతో పాటు కిస్మిస్ లేనిదే మనకు తృప్తి లేదు. పాయసమునకు కిస్మిస్ వేయించునప్పుడు జీడిపప్పు ఎఱ్ఱబడిన పిదపనే నేతిలో వేసి, ఉబ్బగనే తీయవలెనని మన ఇల్లాండ్రకు వేరుగా చెప్పనక్కరలేదు.

కాని ఒక విచారము. దూరపు పండు దగ్గరయినది. దగ్గరి పండు దూరమగుచున్నది. కిస్మిస్ పొట్లము ఏ దుకాణమునందైనను దొరకును, ఒరుగు దొరకదు. క్వార్టర్లలో పుట్టి పెరిగిన మన పిల్లలలో ఒరుగు అను మాట ఎరిగినవారు ఎందరు? వస్తువు పోయినచో మాట పోవును. మాట పోయినచో దానిని చేయు నేర్పు తిరిగి రాదు. తెలుగు బడికి పంపి నేర్పలేని మాటలు కొన్ని తాండ్రచాప ప్రక్కన కూర్చుండబెట్టి నేర్పవచ్చును.

ఇచ్చటి వాతావరణము దీనికి అనుకూలము కాదని కొందరు చెప్పుదురు. చైత్ర వైశాఖములలో ఖరగపూరు ఎండకు కొరత లేదు. భయము సాయంకాలపు కాలబైశాఖి గాలివానకే. దానికి ఉపాయమును పెద్దలే చెప్పిరి: ప్రొద్దుననే చాప పరచుట, మధ్యాహ్నము దాటగనే లోపలికి తెచ్చుట, పైన పలుచని గుడ్డ కప్పుట. వచ్చు వేసవిలో ప్రతి కుటుంబమును రెండు కిలోల మామిళ్లతోనైనను ఒక్క చాప పూయుట మంచిది. ఇంటిలోని పెద్దమ్మ, అమ్మమ్మ, నాయనమ్మ చెప్పు కొలతలను వారి మాటలలోనే ఒక పుస్తకమున వ్రాసికొనుట అంతకంటెను మంచిది. రైలెక్కి వచ్చినప్పుడు మన పూర్వులు మూటలో తెచ్చిన ఆస్తి అది. వారు దానిని ఇంతదూరము చెడకుండ తెచ్చిరి. ఇకపై నిలుపవలసిన భారము మనది.