మన పనికి రేటు ఎవరు కట్టారు?



ప్రతి ఏడూ ఈ నివేదికలో పొదుపు ఎంత, అప్పు ఎంత, రికవరీ ఎంత అని రాసుకుంటాం. ఆ లెక్కలు ఈసారి కూడా వెనక పేజీల్లో ఉన్నాయి. ఇక్కడ ఇంకో లెక్క రాయాలనుకున్నాం. మనలో జాకెట్లు కుట్టేవాళ్ళున్నారు. పెళ్ళిళ్ళకి వంట చేసేవాళ్ళు, పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసేవాళ్ళు, సంఘాల పుస్తకాలు రాసేవాళ్ళు ఉన్నారు. వీళ్ళు సరుకు అమ్మరు, చేతిపని అమ్ముతారు. చింతపండుకి కిలో రేటు ఉంది, జీడిపిక్కలకి ఉంది. చేతిపనికి రేటు ఎవరు కట్టాలి? మన రంప కొండల్లో ఈ ప్రశ్న దగ్గర దగ్గర నూట యాభై ఏళ్ళ నుంచీ ఉంది. అందుకే పాత సంగతుల నుంచి మొదలుపెడుతున్నాం.

రేటు లేని పని

1879లో రంప ఫితూరీ జరిగింది. అప్పట్లో ఈ ప్రాంతం రంప మన్సబ్దారు కింద ఉండేది. ఆయన పన్నులు పెంచుకుంటూ పోయాడు. కల్లు గీసుకుంటే దానిమీద కూడా చిగురుపన్ను వేశారు. దీనికి తోడు పల్లం నుంచి వచ్చిన వర్తకుల బాధ. వాళ్ళు కొండవాళ్ళకి అప్పులిచ్చి, కోర్టుకి వెళ్ళి, ఇవతలివాళ్ళు లేకుండానే డిక్రీ తెచ్చుకుని పశువుల్ని, ఆస్తిని తోలుకుపోయేవారు. ఎంత తీసుకున్నాం, ఎంత కట్టాం అని చెప్పడానికి మనవాళ్ళ దగ్గర ఒక్క కాగితం ముక్క లేదు. కాగితం అంతా అవతలివాడి చేతిలోనే ఉంది. మార్చిలో మొదలైన ఆ తిరుగుబాటు చుట్టుపక్కల కొండలన్నిటికీ పాకింది. కారం తమ్మన్నదొర వంటివారు ముందు నిలబడ్డారు.

పన్ను కట్టడం ఒకటైతే, వెట్టి ఇంకొకటి. దొరలు, ఆఫీసర్లు కొండెక్కితే వాళ్ళ సామాను కావళ్ళు మోయడం, దారి నరకడం మనవాళ్ళ వంతు. అది మోత పని. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే సర్వీసు. కానీ దానికి రేటు లేదు, ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేదు. 1922లో అల్లూరి సీతారామరాజు గారి పోరాటానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం వైపు నుంచి లంబసింగి దారి వేయడానికి కొండవాళ్ళని బలవంతంగా పనిలోకి దింపి, కూలి సరిగా ఇవ్వలేదు. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడి జరిగింది. అక్టోబరులో అడ్డతీగల, మన రంపచోడవరం వంతు వచ్చింది. చిన్నప్పటి నుంచీ ఈ కథ వింటూనే ఉన్నాం. అడవి హక్కు, పోడు హక్కు అంటాం. అందులో కూలి హక్కు కూడా ఉందని ఇప్పుడు పెద్దయ్యాక గుర్తు చేసుకుంటున్నాం.

మన ఊళ్ళలో మనకి మనం చేసుకునే పనులకి వేరే పద్ధతి ఉండేది. కొండకమ్మరి కర్రు కాల్చి పదును పెడితే పంట మీద గింజలు కొలిచేవారు. మంత్రసానికి బియ్యం, పాతచీర పెట్టేవారు. ఈ పద్ధతిలో మంచి ఉంది, ఎవరూ ఆకలితో ఉండరు. కానీ ఎంత పనికి ఎంత అనేది పుచ్చుకునేవాళ్ళు చెప్పడానికి లేదు. పెట్టేవాళ్ళ చెయ్యి ఎంత చాస్తే అంత. ఈ అలవాటు ఇప్పటికీ మనలో పోలేదు. దీని గురించి కింద మళ్ళీ రాస్తాం.

చీటీ ఎవరి చేతిలో ఉంది

1941 ప్రాంతంలో హైమెన్‌డార్ఫ్ అనే ఆయన గోదావరి ఒడ్డున పాపికొండల్లో కొండరెడ్ల మధ్య తిరిగి, చూసినదంతా 1945లో పుస్తకంగా వేశాడు. కలప, వెదురు వ్యాపారుల దగ్గర అప్పులు చేసి, ఆ అప్పు కింద అడవిలో నరుకుడు పని చేస్తూ ఎప్పటికీ తేలని కుటుంబాల గురించి అందులో ఉంది. పని రోజులు లెక్కపెట్టేది వ్యాపారి, అప్పు రాసేది వ్యాపారి. మరి బాకీ ఎలా తీరుతుంది?

చట్టాలు వచ్చాయి. ఏజెన్సీలో వడ్డీల మీద, భూమి అమ్మకాల మీద 1917లోనే ఒక చట్టం చేశారు. 1950లో రాజ్యాంగం వెట్టిని నిషేధించింది. 1956లో జీసీసీ పుట్టింది. దానివల్ల చింతపండుకి, తేనెకి, జిగురుకి చెప్పిన రేటు ఒకటి వచ్చింది. డీఆర్ డిపోలో ఉప్పు, పప్పు దొరికాయి. 1960లో వడ్డీ వ్యాపారుల మీద రెగ్యులేషను, 1970లో మనందరికీ తెలిసిన 1/70 వచ్చాయి. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం, అదే ఏడు ఆడవాళ్ళకి మగవాళ్ళతో సమాన కూలి చట్టం వచ్చాయి. ఇవన్నీ భూమికి, సరుకుకి, కూలికి కాపలా కాశాయి. సొంతంగా ఇంట్లో కూర్చుని పని చేసి అమ్ముకునే ఆడమనిషికి మాత్రం రేటు చెప్పే చట్టం లేదు. ఆమెకి యజమాని లేడు కదా.

అహ్మదాబాదు మోత ఆడవాళ్ళు

ఈ యజమాని లేని సమస్య మనకొక్కళ్ళకే కాదు. గుజరాతులో అహ్మదాబాదు బట్టల బజారులో తల మీద మూటలు మోసే ఆడవాళ్ళు 1971లో ఇలా భట్ గారి దగ్గరికి వచ్చారు. ఎన్ని మూటలు మోసినా వ్యాపారి తోచింది ఇస్తున్నాడని చెప్పుకున్నారు. ఆవిడ పేపర్లో రాశారు. వ్యాపారులు ఒప్పుకోలేదు, మేం సరైన రేటే ఇస్తున్నాం అని వాళ్ళూ పేపర్లో వేయించారు. అప్పుడు ఈవిడ ఏం చేశారంటే, వ్యాపారులు వేయించుకున్న ఆ రేటునే చీటీల మీద అచ్చు వేయించి మోత ఆడవాళ్ళకి పంచిపెట్టారు. మీ మాటే ఇది, ఇంత ఇవ్వండి అని చీటీ చూపించి అడగడం మొదలుపెట్టారు వాళ్ళు.

1972లో సేవా సంఘం రిజిస్టరు చేయబోతే, మీకు యజమాని ఎవరూ లేరు, ఎవరి మీద పోరాడతారు, సంఘం ఎలా అవుతుంది అని అధికారులు అడ్డుచెప్పారు. పోరాడటానికే కాదు, ఒకరికొకరు నిలబడటానికి కూడా సంఘం కావాలి అని వాదించి గెలిచారు. 1974లో నాలుగు వేల మంది తలా పది రూపాయలు వేసి సొంత బ్యాంకు పెట్టుకున్నారు. 1975లో బొంబాయిలో మిల్లు కార్మికులకి భోజనాలు వండిపెట్టే ఆడవాళ్ళు అన్నపూర్ణ మహిళా మండలి పెట్టుకుని, షావుకారు వడ్డీ నుంచి బ్యాంకు అప్పుకి మారారు. మూట మోత, అన్నం వండటం, రెండూ చేతిపనులే.

రూపాయి పొదుపు నుంచి

మన రాష్ట్రానికి వస్తే, 1982లో డ్వాక్రా మొదలైంది. పదేళ్ళ తరవాత, 1992లో, నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఆ మంట రాష్ట్రం అంతా అంటుకుని 1993 అక్టోబరు నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ జిల్లాలోనే రోజుకి రూపాయి పొదుపు మొదలైంది. అదే 1992లో నాబార్డు సంఘాల్ని బ్యాంకులతో కలిపే పని మొదలుపెట్టింది. 2000లో వెలుగు, దాని వెనక గ్రామ సమాఖ్య, మండల సమాఖ్య వచ్చాయి. 2010లో మైక్రోఫైనాన్సు కంపెనీల వారం వారం వసూళ్ళకి మన రాష్ట్రంలో ఎన్ని ఇళ్ళు ఏడ్చాయో అందరికీ తెలుసు. దానిమీద ఆ అక్టోబరులో ఆర్డినెన్సు తెచ్చారు. మరుసటి ఏడు స్త్రీనిధి పెట్టుకున్నాం.

వీటి మధ్యలో రెండు మార్పులు ఎవరూ పెద్దగా చెప్పుకోరు. ఒకటి, 2006లో ఉపాధి హామీ పని వచ్చాక రోజుకి ఇంత అని ఒక రేటు, మగవాళ్ళతో సమానంగా, మన పేరు మీద పడింది. ఇంకొకటి, సంఘాలు పెట్టడం ఎలాగో చూపించమని మన తెలుగు ఆడవాళ్ళని బీహారు, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాలకి సీఆర్పీలుగా పిలిచారు. విడతకి నెలన్నర. రోజుకి ఇంత అని గౌరవ వేతనం. హిందీ రాకపోయినా బొమ్మలు గీసి, చేతులతో చూపించి సంఘాలు కట్టి వచ్చారు. అప్పు ఎలా తిప్పాలో తెలిసిన అనుభవం కూడా అమ్ముడుపోయే పనే అని వాళ్ళే మొదట చూపించారు.

మా కుట్టుమిషను లెక్క

ఇంక మా సంఘం సంగతి. దాచుకోకుండా రాస్తున్నాం.

మా సంఘంలో ఒక చెల్లెలు అప్పు తీసుకుని తొమ్మిది వేలతో మిషను కొంది. చెయ్యి మంచిది, మెడ కత్తిరింపు చక్కగా వచ్చేది. సంత రోజున ఇంటి ముందు జనం ఉండేవారు. రెండేళ్ళు తిరక్కుండానే మిషను అమ్మేసి కూలికి పోయింది. మేం అప్పుడు ఏమన్నాం? బేరం చూసుకోవడం చేతకాలేదు అన్నాం. సమావేశంలో ఆమె ముందే అన్నాం.

తరవాత ఆమె పాత నోటుపుస్తకం తెచ్చి లెక్క కట్టాం. నెలకి అరవై జాకెట్లు, ఒక్కోటి వంద రూపాయలు. ఆరువేలు రావాలి. ఖర్చులు చూస్తే ఇలా ఉన్నాయి:

దారం, హుక్కులు జాకెట్టుకి 8 చొప్పున – 480
కరెంటు – 150
సూదులు, మిషను రిపేరు – 100
మిషను అరుగుదల (9,000 అయిదేళ్ళకి పంచితే) – 150
రాజమండ్రి వెళ్ళి సామాను తెచ్చుకునే ఛార్జీలు – 200
మొత్తం – 1,080

మిగిలేది 4,920. జాకెట్టుకి రెండు గంటలు అనుకుంటే నూట ఇరవై గంటలు. గంటకి 41 రూపాయలు. రోజు కూలి 300 అనుకుని ఎనిమిది గంటలకి పంచితే గంటకి 37న్నర. అంటే నేర్చుకున్న పనికి, అప్పుచేసి కొన్న మిషనుకి, కూలి కన్నా మూడున్నర రూపాయలే ఎక్కువ.

అసలు దెబ్బ ఇంకా ఉంది. అరవైలో పన్నెండు జాకెట్లకి డబ్బు రాలేదు. వదిన, మేనత్త, పక్కింటావిడ, మన సంఘం అక్క. చేతికి వచ్చింది 4,800. ఖర్చు మాత్రం అదే 1,080. మిగిలింది 3,720, గంటకి 31 రూపాయలు. కూలి కన్నా తక్కువ. ఆమె లెక్క తెలియక కూలికి పోలేదు. లెక్క తెలిసే పోయింది.

ఆ పన్నెండులో అయిదు జాకెట్లు మా సంఘం వాళ్ళవే. మనవాళ్ళే కదా, వచ్చే నెల ఇద్దాం అనుకున్నాం. పైన రాసిన మంత్రసాని బియ్యం మాట గుర్తుందా? పెట్టేవాళ్ళ చెయ్యి ఎంత చాస్తే అంత అన్నది దొరల దగ్గరే ఉందనుకున్నాం. మా దగ్గరా ఉంది.

ఏం చేశాం

ఆ అయిదు జాకెట్ల డబ్బు లెక్క కట్టి ఆమెకి ఇచ్చాం. ఆమె ముందు అన్న మాట వెనక్కి తీసుకున్నాం. తరవాత చేతిపని చేసే సభ్యులం అందరం కూర్చుని కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం.

ఒకటి, రేటు బోర్డు. సాదా జాకెట్టు, లైనింగు జాకెట్టు, ఫాలు దేనికి ఎంతో గోడ మీద రాసి పెట్టాలి. ఊళ్ళో కుట్టేవాళ్ళందరిదీ ఒకే బోర్డు. అహ్మదాబాదు చీటీ లాగే ఇదీ. నోటితో అడగలేని మాట గోడ అడుగుతుంది. ఒకరి మీద ఒకరు రేటు తగ్గించి లాక్కోకూడదు.

రెండు, గుడ్డ ఇచ్చినప్పుడే సగం డబ్బు. మిగతా సగం బట్ట పట్టుకెళ్ళేటప్పుడు. వంటకి, ముస్తాబుకి కూడా ఇంతే.

మూడు, మిషను డబ్బు వేరే డబ్బాలో. అందులోంచి ఉప్పు కొనకూడదు. ఆదివారం లెక్క చూసి, ఇంటికి జీతంలాగా తీసుకోవాలి.

నాలుగు, చుట్టాలకి ఉచితంగా కుట్టాలనుకుంటే కుట్టొచ్చు. కానీ పుస్తకంలో పూర్తి రేటు రాసి పక్కన సారె అని రాయాలి. ఏడాదికి ఎంత సారె పెట్టామో మనకి తెలియాలి, ఇంట్లో వాళ్ళకీ తెలియాలి.

అయిదు, ఖాళీ నెలలకి ముందే చూసుకోవాలి. మాఘం, ఫాల్గుణం, వైశాఖంలో పెళ్ళిళ్ళు. జూనులో బడి బట్టలు, ఆపైన సంక్రాంతి. ఆషాఢంలో పని ఉండదు. వాగులు పొంగితే అవతలి ఊళ్ళవాళ్ళు రారు. వాయిదా మాత్రం ఆగదు. అందుకని పెళ్ళిళ్ళ నెలల్లోనే రెండు వాయిదాలు పక్కన పెట్టాలి.

బోర్డు కట్టాక రెండు నెలలు గొడవగానే ఉంది. మనవాళ్ళ దగ్గర కూడా డబ్బేనా అని కొందరు మొహం తిప్పుకున్నారు. కొందరు గోకవరం వెళ్ళి కుట్టించుకున్నారు. ఛార్జీలు పెట్టుకుని రెండుసార్లు తిరిగాక మళ్ళీ మన దగ్గరికే వచ్చారు. ఇప్పుడు కుట్టేవాళ్ళు ఇద్దరు బకాయి లేకుండా వాయిదా కడుతున్నారు.

ఆ చెల్లెలు మాత్రం మళ్ళీ మిషను కొనలేదు. సమావేశానికి వస్తుంది, పొదుపు కడుతుంది, కత్తిరింపు దగ్గర ఎవరైనా ఆగిపోతే చూపిస్తుంది. అలా చూపించినందుకు కూడా ఒక రేటు ఉండాలని మొన్ననే తీర్మానం రాశాం. ఆమె వద్దంది. పుస్తకంలో అయితే రాసే ఉంచాం.

ఈ నివేదిక చదివే సభ్యులందరికీ ఒక మనవి. వచ్చే సమావేశానికి ముందు ఎవరి సంఘంలో వాళ్ళు ఒక్క పని చేయండి. మీ సంఘంలో చేతిపని చేసే అక్కకి మీరు ఎంత బాకీ ఉన్నారో లెక్క కట్టుకుని రండి.