కందెన ఊరి నుంచి మంచు రోడ్డు దాకా: చక్రం కథ

ఈ ఎపిసోడ్ నిజానికి ప్లాన్‌లో లేదు. మా అక్క వల్ల చేస్తున్నా.

పోయిన డిసెంబర్‌లో ఒకరోజు పొద్దున అయిదున్నరకు అక్క నుంచి వీడియో కాల్. వాళ్ళుండేది కెనడాలో, టొరంటో పక్కన. అక్కడ అప్పుడు సాయంత్రం. అక్క ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. ఏమైందంటే, సిగ్నల్ దగ్గర బావ బ్రేక్ కొట్టిండు, బండి ఆగలేదు. రెడ్ లైట్ దాటి, చౌరస్తా మధ్యలోకి జారుకుంటూ పోయి ఆగింది. వెనక సీట్లో మా మేనకోడలు. అటు నుంచి వస్తున్న ట్రక్కు డ్రైవర్ ముందే చూసి స్లో చేసిండు కాబట్టి అందరూ బాగున్నారు.

బండి మామూలుది కాదు. సెకండ్ హ్యాండ్‌దే కానీ పెద్ద జర్మన్ ఎస్‌యూవీ, 21 ఇంచుల మెరిసే చక్రాలు. బావ అన్న మాట ఒక్కటే: "ఆల్ వీల్ డ్రైవ్ రా ఇది! అమ్మినాయన కూడా చలికాలానికి వేరే టైర్లు అక్కర్లేదన్నడు."

నేను ఐదేళ్ళు కోడ్ రాసినోణ్ణి, టైర్ల గురించి ఏం తెలుసు నాకు? చదవడం మొదలుపెట్టిన. చదివేకొద్దీ కథ తిరిగి తిరిగి మన నాగర్‌కర్నూల్‌కే వచ్చింది. నిజం.

మనోళ్ళు నాగర్‌కర్నూల్‌ని ఏమని పిలుస్తారు? కందనూలు. ఆ పేరు ఎట్లా వచ్చిందో రెండు కథలు చెప్తారు. నాగన, కందన అనే ఇద్దరి పేర్ల మీద వచ్చిందని ఒకటి. రెండోదే నాకు ఇష్టం: దూరం పోయే ఎద్దుల బండ్లు ఇక్కడ ఆగి చక్రాలకు కందెన కొనుక్కునేవట, అందుకని కందెన ఊరు. నది అవతల కర్నూలుకీ ఇదే కథ ఉంది. అలంపూర్ గుళ్ళకు రాళ్ళు మోసే బండ్లు తుంగభద్ర దాటే ముందు అక్కడ ఆగి కందెన పెట్టుకునేవి, అట్లా కందెనవోలు అయిందంటారు. రెండు ఊర్ల పేర్ల వెనక బండి ఇరుసుకు పెట్టే జిడ్డు! ఇవి జనం చెప్పుకునే మాటలే, శాసనం కాదు. కానీ బండి మెయింటెనెన్స్‌ను మనోళ్ళు ఎంత సీరియస్‌గా తీసుకున్నారో మాత్రం తెలుస్తుంది.

కందెన అంటే ఏంటో మీలో చాలామందికి తెలియకపోవచ్చు. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి చేసే నల్లటి ముద్ద. వెదురు గొట్టంలో నింపి బండి కింద వేలాడదీసేవాళ్ళు. ఆముదాలకు పాలమూరు ఎట్లాగూ పేరున్న జిల్లా. ఇరుసు ఎండిపోతే బండి కీచుమంటది, ఎద్దుకు బరువు పెరుగుతది, ఆఖరికి కట్టె కాలుతది.

ఇక చక్రం. మా దిక్కు గాను అంటరు. మధ్యలో కుండ, దాంట్లోంచి ఆకులు, చుట్టూ పూటీలు. ఇదంతా వడ్లాయన పని. తర్వాత కమ్మరాయన వచ్చి దానికి ఇనుప పట్టా ఎక్కిస్తడు. మా తాత దగ్గర ఇది చాలాసార్లు విన్న. పట్టాను గాను చుట్టుకొలత కంటే కొంచెం చిన్నగా చేస్తరు. పిడకల మంటలో ఎర్రగా కాలిస్తే ఇనుము సాగుతది. సాగినప్పుడే పట్టకార్లతో ఎత్తి గాను మీద వేసి, సుత్తెతో కొట్టి, వెంటనే నీళ్ళు పోస్తరు. ఇనుము ముడుచుకుని కట్టెను పట్టేసుకుంటది. మేకు అక్కర్లేదు, బోల్టు అక్కర్లేదు. థర్మల్ ఎక్స్‌పాన్షన్ అని బీటెక్ ఫస్టియర్‌లో మేము మార్కుల కోసం బట్టీ పట్టింది ఇదే. ఇంగ్లీషులో టైరు అనే మాట కూడా మొదట ఈ ఇనుప పట్టాకే ఉండేది. రబ్బరు తర్వాత వచ్చింది.

రబ్బరు కథ త్వరగా చెప్పేస్తా. మామూలు రబ్బరు ఎండకు జిగురైతది, చలికి పెళుసైతది. గంధకంతో కలిపి వేడి చేస్తే ఆ జబ్బు పోతుందని 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టిండు. 1888లో డన్లప్ గాలి టైరు చేసిండు. 1936లో బెంగాల్‌లోని సాహాగంజ్‌లో డన్లప్ ఫ్యాక్టరీ వచ్చింది. ఆ పేరు మన పల్లెల్లో ఎంత పాతుకుపోయిందంటే, రబ్బరు చక్రాల ఎద్దుల బండిని ఇప్పటికీ డన్లప్ బండి అనే పిలిచేవాళ్ళున్నారు. బేరింగులు వచ్చినయి, ఇంటి కందెన పోయింది. ఇనుప పట్టా రేగడిలో కోసుకుని దిగిపోయేది, టైరు బండి పైన తేలింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మన దగ్గర బురద కష్టం. ఫిన్లాండ్‌లో మంచు కష్టం. అక్కడ లారీలు మంచులో కూరుకుపోతుంటే, 1934లో సువోమెన్ గుమ్మితెహ్దాస్ అనే కంపెనీ వాటికోసం ప్రత్యేకంగా ఒక టైరు చేసింది. మంచును పట్టుకునేట్టు అడ్డంగా లోతైన గాట్లు పెట్టింది. ప్రపంచంలో మొదటి చలికాలపు టైరు అదే. 1936లో కార్లకు కూడా వచ్చింది, పేరు హక్కపెలీత్త. ఆ కంపెనీనే ఇప్పటి నోకియన్ టైర్స్. ఫోన్ల నోకియాకు కూడా చుట్టమే! మనకూ ఒక లింకుంది: చలికాలపు టైర్లకు పేరున్న డచ్ కంపెనీ వ్రెడెస్టీన్‌ను 2009లో మన అపోలో కొనేసింది.

సరే, బావ బండి ఎందుకు జారింది? గుడ్‌ఇయర్ నాటి జబ్బు పూర్తిగా పోలేదు కాబట్టి. ఎండాకాలపు టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల కింద గట్టిపడడం మొదలైతది. గట్టిపడితే రోడ్డును పట్టుకోదు. చలికాలపు టైరులో సిలికా ఎక్కువగా ఉన్న మెత్తటి మిశ్రమం వాడతారు, పైన వందల సన్న చీలికలుంటాయి. ఆల్ వీల్ డ్రైవ్ నాలుగు చక్రాలనూ తిప్పుతది, అంతే. బయల్దేరడానికి పనికొస్తది. ఆపేది మాత్రం టైరు రబ్బరే. పైగా లగ్జరీ ఎస్‌యూవీ రెండు టన్నుల పైన బరువు. ఎంత బరువుంటే ఆపడం అంత కష్టం.

బావ అడిగిన ప్రశ్న ఇది: "మరి 21 ఇంచులవే కొననా, చిన్నవి కొననా? చిన్నవి చూస్తే పరువు పోతది రా."

ఆ బండికి 275/40 ఆర్ 21 టైరు. అంటే వెడల్పు 275 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు దాంట్లో 40 శాతం, అంటే 110 మిల్లీమీటర్లు. అదే బండికి 265/50 ఆర్ 19 కూడా ఉంది. రిమ్ము చిన్నదైనా పక్క గోడ 132 మిల్లీమీటర్ల పైనే. మొత్తం చక్రం ఎత్తు లెక్కేస్తే ఒక్క శాతం లోపే తేడా, స్పీడోమీటర్ తప్పు చూపదు. మంచు కింద దాగిన గుంటలో పడితే ఎత్తు గోడ దెబ్బ తట్టుకుంటది, రిమ్ము బతుకుతది. టైరు ధర కూడా తక్కువ.

మరి సన్న టైరు మంచిదెట్లా, ఇనుప పట్టా దిగబడిందని ఇందాకే చెప్పినవ్ కదా అంటారా? రేగడిలో అడుగు లేదు, దిగితే దిగుతనే ఉంటది. సిటీ రోడ్డు మీద మంచు పలుచన, కింద గట్టి తారు. సన్న టైరు కరిగిన మంచును కోసుకుని కిందికి అందుకుంటది.

కొనేముందు చూసుకోవాల్సినవి బావకు మెసేజ్ పెట్టిన. పెద్ద బ్రేకులుంటే కాలిపర్‌కు 19 తగులుతదేమో చూడు. బోల్టు కొలత, ఆఫ్‌సెట్, లోడ్ ఇండెక్స్ బండి పుస్తకంతో కలవాలి. గాలి ఒత్తిడి సెన్సార్లు కొత్త రిమ్ములకూ పెట్టించు. మెరిసే క్రోమ్ వద్దు, అక్కడ రోడ్ల మీద చల్లే ఉప్పు తినేస్తది, పెయింట్ రిమ్ము చాలు. టైరు మీద ఎం ప్లస్ ఎస్ అని ఉంటే సరిపోదు. మూడు శిఖరాల కొండ, లోపల మంచు రేకు గుర్తుండాలి, అది 1999 నుంచి ఉంది, మంచులో టెస్టు పాసైతేనే వేస్తారు. నాలుగూ మార్చు, రెండు మార్చి పైసలు మిగిలినయనుకోకు.

క్యూబెక్‌లో 2008 నుంచి ఇది చట్టం. బావ ఉండే ఒంటారియోలో ఎవరిష్టం వాళ్ళది, కాకపోతే చలికాలపు టైర్లుంటే ఇన్సూరెన్స్‌లో డిస్కౌంట్ ఇవ్వాలి.

"ఏడాదికి రెండుసార్లు చక్రాలు మార్చుడేంది, పిచ్చి కాకపోతే" అన్నడు బావ. అప్పుడు పక్కనే ఉన్న తాత ఫోన్ గుంజుకున్నడు. "నాట్లప్పుడు ట్రాక్టర్‌కు కేజ్ వీల్స్ ఎక్కిస్తలేమా? అవే వేసుకుని కొత్తకోట రోడ్డు మీదికి పోతమా? పొలానికి పొలం చక్రం, రోడ్డుకు రోడ్డు చక్రం. నీకు తెల్వదా అల్లుడా, నీదీ పెబ్బేరు దిక్కే కదా!"

నాలుగు గంటలు చదివి నేను చెప్పలేని మాట ఆయన అర నిమిషంలో చెప్పిండు. బావ ఏం మాట్లాడలే.

మొన్న అక్క ఫోటో పంపింది. బండికి నల్లటి 19 ఇంచుల రిమ్ములు, గ్యారేజ్ మూలకు ఆ మెరిసే 21లు ఒకదాని మీద ఒకటి. తాత కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, "దీనికి కందెన ఎక్కడ పెడ్తరు?" అన్నడు.

వచ్చే వారం అలంపూర్ నుంచి కలుద్దాం. మీ ఊళ్ళో గానును ఏమంటారో, పాత పట్టా చక్రం ఎవరింట్లోనైనా ఇంకా ఉందేమో చెప్పండి, వచ్చి చూస్తా.