చీవరం నుంచి అలుకుగుడ్డ దాకా: మితవ్యయ గృహస్థితికి డెలానీపూర్ నేపథ్యం

పోర్ట్ బ్లెయిర్ నగరంలో, డెలానీపూర్‌కు చేరువలో, నేడు గాంధీ పార్కుగా వ్యవహరించే ఉద్యానం ఉన్నది. అందులోని జలాశయాన్ని పూర్వం దిల్తమన్ చెరువు అనేవారు. ఒకనాడు పట్టణానికంతటికీ తాగునీటి ఆధారం అదొక్కటే. 2024లో శ్రీవిజయపురంగా పేరు మారిన ఈ నగరంలో ఏటా సుమారు మూడు మీటర్ల వర్షం కురుస్తుంది. అయినా వేసవి మొదలుకాక ముందే నీటికి కటకట ఏర్పడుతుంది. వాలునేల మీద పడిన నీరు నిలువకుండా సముద్రంలో కలిసిపోవడమే ఇందుకు కారణం. పప్పు, నూనె, బట్ట, ఇనుము మొదలైనవాటిలో అధికభాగం ఓడ మీద రావలసినదే. విశాఖపట్నం నుంచి ఆ ఓడ ప్రయాణం రెండు మూడు రోజులు పడుతుంది. ఇటువంటి చోట గృహిణి మితవ్యయం గుణవిశేషంగా కాక నిత్యావసరంగా రూపొందుతుంది. 2011 జనగణన ప్రకారం ఈ ద్వీపవాసులలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. వీరిలో ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్ళినవారు అనేకులు. ఆ తీరానికి మితవ్యయ విషయంలో రెండువేల ఏళ్ళ పూర్వచరిత్ర ఉన్నది.

విశాఖపట్నం–భీమునిపట్నం మార్గంలోని తొట్లకొండ ఆ చరిత్రకు ప్రత్యక్ష సాక్ష్యం. రాష్ట్ర పురావస్తు శాఖ 1988–1993 మధ్య అక్కడ జరిపిన తవ్వకాలలో స్తూపాలు, చైత్యగృహాలు, విహారాలతో పాటు వంటశాల, భోజనశాల కూడా వెలువడ్డాయి. కొండపై రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లనే ఆ స్థలానికి ఆ పేరు వచ్చింది. సమీపంలోని బావికొండ పేరుకు కూడా నీటి బావులే మూలం. కింద సముద్రం కనుచూపు మేర పరుచుకొని ఉన్నా, కొండ మీది సంఘానికి తాగడానికి పనికివచ్చేది తొట్లలో నిలిచిన వాననీరే. అన్నం వండడానికి, పాత్ర కడగడానికి, చీవరం ఉతకడానికి ఎంత నీరు వాడవచ్చునో ఆ తొట్టి పరిమాణమే నిర్ణయించింది. నీటిలోని సూక్ష్మప్రాణుల రక్షణ కోసం వడకట్టు గుడ్డను భిక్షువు అష్టపరిష్కారాలలో ఒకటిగా చేర్చిన సంప్రదాయంలో నీటి పట్ల అజాగ్రత్తకు చోటు లేదు.

గృహస్థ జీవితానికి కూడా బుద్ధుడు నీటి ఉపమానాన్నే ఎన్నుకోవడం గమనార్హం. అంగుత్తర నికాయంలో దీఘజాణు అనే కోలియ గృహస్థు, భార్యాబిడ్డలతో సంసారం చేసే తమవంటి వారికి ఇహపర హితమైన ధర్మం చెప్పమని అర్థిస్తాడు. బుద్ధుడు చెప్పిన వాటిలో సమజీవిత ఒకటి. రాబడిని, పోకడను ఎరిగి, మరీ ఎచ్చుగా గాని మరీ హీనంగా గాని కాక బతకడమే సమజీవిత. సంపద నాలుగు తూములతో నిండి, నాలుగు తూములతో ఖాళీ అయ్యే చెరువు వంటిదని, వచ్చే దారులు మూసి పోయే దారులు తెరిస్తే, పైగా వాన కూడా కురవకపోతే, చెరువు ఎండక తప్పదని ఆయన వివరిస్తాడు. అదే ఉపదేశంలో పిసినారితనానికి కూడా మందలింపు ఉన్నది. కలిగి ఉండీ కడుపు మాడ్చుకునేవాడు సమజీవి కాడు. కనుక బౌద్ధ దృష్టిలో మితవ్యయం అంటే లేమిని కొనియాడడం కాదు, కొలత తెలియడం.

గృహస్థుని ఈ కొలతే సంఘానికి ఆధారమైనది. అమరావతి శాసనాలలో విధికుడనే చర్మకారుడు తల్లి, భార్య, సోదరులు, బిడ్డలతో కలిసి పూర్ణఘట శిల్పఫలకం దానం చేసినట్లు ఉన్నది. రాజులు, శ్రేష్ఠుల సరసన ఇటువంటి శ్రామిక కుటుంబాల పేర్లు నిలిచాయంటే, ఆ ఇళ్ళలో ఖర్చు కాకుండా మిగిలినది కొంత ఉండి ఉండాలి. ఆ మిగులు వెనుక ఇల్లాలి చేతి పొదుపును ఊహించడం అసంగతం కాదు.

వస్తువును చివరి వరకు వాడుకోవడానికి వినయపిటకం ఇచ్చిన ఉదాహరణ చుళ్లవగ్గంలో ఉన్నది. కౌశాంబీరాజు ఉదయనుని అంతఃపుర స్త్రీలు ఆనందునికి ఐదువందల చీవరాలు సమర్పిస్తారు. ఇన్ని వస్త్రాలు ఏం చేసుకుంటారని రాజు అనుమానపడి అడుగుతాడు. చీవరాలు చినిగిన భిక్షువులకు పంచుతామని ఆనందుడు చెప్పగా, రాజు ప్రశ్నల పరంపర సాగిస్తాడు. పాత చీవరాలు పడకమీది దుప్పట్లవుతాయి. పాత దుప్పట్లు పరుపు గలీబులవుతాయి. అవి పాతబడితే నేల మీద పరుస్తారు, ఆ తరువాత కాళ్ళు తుడుచుకుంటారు, ఆపైన దుమ్ము దులుపుతారు. చివరికి వాటిని ముక్కలు చేసి, మట్టిలో కలిపి మర్దించి, నేల మెత్తుతారు. రాజు సంతసించి మరో ఐదువందల వస్త్రాలు దానం చేస్తాడు.

ఈ వరుస తెలుగింటి పాఠకునికి కొత్త కాదు. కట్టి వెలిసిన నేతచీర మడతలు పడి, సూదిపోటుతో బొంత అవుతుంది. మెత్తబడిన పాత చీర ముక్క పసిబిడ్డకు పొత్తిగుడ్డ. తరువాత అది పొయ్యి దగ్గర మసిగుడ్డ. చిట్టచివర పేడనీళ్ళలో ముంచిన అలుకుగుడ్డ. ఆనందుని సమాధానం ఎక్కడ ముగిసిందో, ఇల్లాలి పని కూడా అక్కడే, నేల అలకడంలోనే ముగుస్తుంది. ఈ రెండింటికీ నేరుగా వారసత్వ సంబంధం ఉన్నదని చెప్పడానికి ఆధారం అక్కరలేదు. వస్త్రం విలువైన చోట, చేయి ఓపికైన చోట, వరుస తనంతట అలాగే ఏర్పడుతుంది. భేదం ఒక్కటే. భిక్షువు ఆ నియమాన్ని ఎంచుకున్నాడు. ఇల్లాలికి ఎన్నోమార్లు అది తప్పనిసరి అయినది. ఈ భేదాన్ని విస్మరించి పేద ఇంటి లేమిని వైరాగ్యంగా వర్ణించడం చరిత్రకు, ధర్మానికి కూడా న్యాయం కాదు.

పురావస్తు పరిశోధకునికి ఇక్కడే ఒక చిక్కు ఎదురవుతుంది. తవ్వకంలో దొరికేది ప్రధానంగా పారవేసినదీ, పోగొట్టుకున్నదీ. అండమాన్ ఆదివాసుల పూర్వజీవనాన్ని కూడా చౌల్దారి వంటి చోట్ల గవ్వలు, పంది ఎముకలు, పెంకులు పేరుకున్న వంటచెత్త దిబ్బల నుంచే తెలుసుకున్నాము. పగిలిన ఓడల ఇనుమును బాణపు మొనలుగా, సీసా గాజును కత్తిపెచ్చులుగా వారు మలచుకున్నారు కనుక ఆ వస్తువుల మొదటి రూపం మాయమైనది. ఇల్లు ఎంత పొదుపుగా సాగితే మట్టిపొరలలో దాని జాడ అంత పలచబడుతుంది. నేల మెత్తిన మట్టిలో కలిసిపోయిన చీవరాన్ని ఏ తాపీతోనూ పైకి తీయలేము. అందువల్ల దుబారా చేసిన ఇల్లు చరిత్రలో సంపన్నంగా కనబడి, జాగ్రత్తపడిన ఇల్లు శూన్యంగా కనబడే ప్రమాదం ఉన్నది.

ఈ లోపాన్ని పూరించేవి రెండే. ఒకటి వినయగ్రంథాలలోని వస్తువివరం, రెండవది నేటికీ జీవించి ఉన్న గృహాచారం. రేకుల కప్పు అంచున వాననీరు పట్టుకోవడం, ఖాళీ డబ్బాను నూనెకో విత్తనాలకో వాడడం, చీరను బొంతగా కుట్టడం వంటి పనులు డెలానీపూర్ వంటి ద్వీప నివాసాలలోని పెద్దల చేతులలో ఉన్నాయి. కుళాయి ఇంటికి వచ్చి, చవక బట్ట ఓడ నిండా దిగుతున్న కొద్దీ వాటి అవసరం తగ్గుతున్నది. అవసరం తగ్గడం మంచిదే. కాని వాటి క్రమాన్ని, కొలతలను, పేర్లను ఇప్పుడే నమోదు చేయకపోతే తొట్లకొండ వంటశాల నేలను చదవడానికి మిగిలే తాళపుచెవులలో ఒకటి చేజారుతుంది. శాసనం దొరికిన రాయిని భద్రపరచినంత శ్రద్ధతోనే మసిగుడ్డ, అలుకుగుడ్డ అనే మాటలను కూడా భద్రపరచవలసి ఉన్నది.