చెప్పుల కొట్లో ఎక్స్‌రే పెట్టె

ఎక్స్‌రే ఫొటోల్లో మొదట ప్రపంచమంతా తిరిగింది ఒక ఇల్లాలి చెయ్యి. 1895 నవంబరులో జర్మనీలోని వూర్జ్‌బర్గ్‌లో రాంట్‌జన్ ఈ కిరణాలను కనిపెట్టారు. డిసెంబరు 22న భార్య అన్నా బెర్తా చేతిని ఫొటో పలక మీద పెట్టించారు. ఎముకలూ, వేలికున్న ఉంగరమూ కనబడ్డాయి. ఆయన పేటెంటు తీసుకోలేదు. ఆస్పత్రులకు అది వరమైంది. అయితే ఆ కిరణాలు ఆస్పత్రి గడప దాటి బజారులోకి వచ్చాక జరిగిన కథ మనం, ముఖ్యంగా ఆడవాళ్లం, తెలుసుకోవలసింది.

1920ల నుంచి అమెరికా, బ్రిటన్‌లలోని చెప్పుల కొట్లలో నిలువెత్తు చెక్కపెట్టెలు వెలిశాయి. పిల్లాడు కొత్త బూట్లతో పాదాలు కింది అరలో పెట్టాలి. పైన చూడ్డానికి మూడు కన్నాలు. ఒకటి పిల్లాడికి, ఒకటి అమ్మేవాడికి, మూడోది అమ్మకి! ఆకుపచ్చ వెలుగులో బూటు లోపల వేళ్ల ఎముకలు కదులుతూ కనిపించేవి. బూటు సరిపోయిందో లేదో బొటనవేలితో నొక్కి చూస్తే తెలిసేదే. కానీ బిడ్డ పాదాల గురించి తల్లికుండే బెంగే ఆ పెట్టెకు పెట్టుబడి. 1950ల నాటికి అమెరికాలో ఇలాంటివి సుమారు 10,000 ఉండేవట. చివరికి 1957లో పెన్సిల్వేనియా రాష్ట్రం వాటిని నిషేధించింది.

ఇంకోటి అందం పేరుతో వచ్చింది. 1920లలో న్యూయార్క్‌లో ఆల్బర్ట్ గైజర్ అనే డాక్టరు 'ట్రైకో' అనే పద్ధతి తెచ్చాడు. మొహం మీద వెంట్రుకలు నొప్పి లేకుండా పోతాయని ప్రచారం. బ్యూటీ పార్లర్లలో ఆ యంత్రం ముందు కూర్చుంటే వెంట్రుకలు నిజంగానే రాలిపోయేవి. తర్వాత చర్మం ముడతలు పడి, మచ్చలు తేలి, పుళ్లు పడేది. కొందరికి ఏళ్ల తర్వాత క్యాన్సర్ వచ్చింది. 1929లో అమెరికా వైద్యుల సంఘం దాన్ని గట్టిగా ఖండించింది. పై పెదవి మీద నాలుగు వెంట్రుకలుంటే ఆడపిల్లని ఎంత మాట అంటారో మనకు తెలియనిది కాదు. వాళ్ల అమాయకత్వాన్ని చూసి నవ్వబుద్ధి కాలేదు నాకు.

ఈ కథలో నాకు బాగా నచ్చిన మనిషి ఆక్స్‌ఫర్డ్ డాక్టరమ్మ ఆలిస్ స్టీవర్ట్. చిన్నపిల్లలు క్యాన్సర్‌తో ఎందుకు చనిపోతున్నారో తెలుసుకోవాలనుకుంది. తల్లులకు ఏదో గుర్తుండే ఉంటుందనుకుని వాళ్లనే అడిగించింది. కడుపుతో ఉన్నప్పుడు పొట్టకు ఎక్స్‌రే తీయించుకున్నామన్న మాట, బిడ్డను పోగొట్టుకున్న తల్లుల్లో మిగతావాళ్ల కన్నా దాదాపు రెండింతలు వినిపించింది. 1956లో మొదటిసారి, 1958లో వివరంగా ప్రకటించింది. చాలామంది వైద్యులు ఏళ్ల తరబడి నమ్మలేదు. నిదానంగా గర్భిణులకు ఆ ఎక్స్‌రేలు తగ్గాయి.

ఇదంతా చదివి ఎక్స్‌రే అంటే భయపడకండి. డాక్టరు అవసరమని రాస్తే తీయించుకోవాల్సిందే. ఇప్పటి యంత్రాలు వాడే మోతాదు బాగా తక్కువ. కానీ "నెల తప్పారా అమ్మా?" అని ఎక్స్‌రే గదిలో అడిగితే విసుక్కోకుండా, సిగ్గుపడకుండా చెప్పండి. ఆ ప్రశ్న వెనుక ఎందరో తల్లుల కడుపుకోత ఉంది.